పనులు అతుక్కునే చోట

ఇంజినీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టు బ్యాచ్ ఎలా నడుస్తుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. నలుగురి పేర్లుంటాయి. కోడ్ ఒకరు రాస్తారు, రికార్డు పని ఇంకొకరు చూసుకుంటారు, మిగతా ఇద్దరు వైవా ముందు రోజు రాత్రి పీపీటీ చదువుకుంటారు. తర్వాత నలుగురి రెజ్యూమేల్లోనూ ‘టీమ్ ప్లేయర్’ అన్న మాట చేరుతుంది. ఇంటర్వ్యూలో “మీ పక్కవాళ్లు చేసిన భాగం గురించి చెప్పండి” అని అడిగితే తెలివైన పిల్లలు కూడా నీళ్లు నములుతారు. తప్పు వాళ్లది కాదు. కలిసి పనిచేయడమంటే పని పంచుకోవడమేనని అలవాటైపోయింది. పంచుకున్న ముక్కలు మళ్లీ అతుక్కునే చోట ఏం జరుగుతుందో వాళ్లకెవరూ చూపించలేదు.

ఆఫీసుల్లో పనులు చెడేది ఎక్కువగా ఆ అతుకుల దగ్గరే.

1998 డిసెంబరులో నాసా అంగారకుడి వైపు మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ను పంపింది. నౌకను తయారుచేసిన లాక్‌హీడ్ మార్టిన్ బృందం కొలరాడోలో, దారి చూసే నావిగేషన్ బృందం కాలిఫోర్నియాలో. ఒక వైపు సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల తోపును పౌండ్-సెకన్లలో లెక్కగట్టి ఇచ్చింది. రెండో వైపు ఆ అంకెలను న్యూటన్-సెకన్లు అనుకుని వాడారు. తేడా దాదాపు నాలుగున్నర రెట్లు. సుమారు 226 కిలోమీటర్ల ఎత్తున వెళ్లాల్సిన నౌక 57 కిలోమీటర్ల దాకా దిగిపోయింది. 1999 సెప్టెంబరు 23న సంబంధాలు తెగిపోయాయి, మళ్లీ దొరకలేదు.

యూనిట్లు ఎంత ముఖ్యమో చెప్పడానికి ఫిజిక్స్ క్లాసులో ఈ సంగతి చెబుతుంటారు. నన్ను పట్టి ఉంచేది ఇంకో విషయం. నౌక ఇంకా దారిలో ఉండగానే, లెక్క ఎక్కడో తేడా కొడుతోందని నావిగేషన్ వాళ్లకు అనుమానం వచ్చింది. మాటల్లో అనుకున్నారు, మెయిళ్లు రాసుకున్నారు. లోపాలను నమోదు చేసే పద్ధతిలో మాత్రం ఎక్కించలేదు. అందువల్ల ఆ అనుమానాన్ని తేల్చే బాధ్యత ఫలానా మనిషిదని ఎక్కడా లేకుండా పోయింది. రెండు చోట్లా నిపుణులే. వాళ్ల మధ్య మాట మాత్రం చేరాల్సిన చోటికి చేరలేదు.

మీరు చేరబోయే ఉద్యోగంలో ఇదే సంగతి చిన్న రూపంలో రోజూ ఎదురవుతుంది. నైట్ షిఫ్ట్ ముగించి వెళ్లేవాళ్లు పొద్దున వచ్చేవాళ్లకు రాసే హ్యాండోవర్ నోట్ చూడండి. “పేమెంట్ ఇష్యూ పెండింగ్, చూడండి” అని ఒకరు రాసి వెళ్తారు. ఇంకొకరు ఇలా రాస్తారు: “రాత్రి 2.10కి పేమెంట్ పేజీ ఆగింది. రీస్టార్ట్ చేస్తే నడిచింది. కారణం తెలియలేదు. లాగ్ టికెట్‌కు జతచేశాను. డేటాబేస్ టీమ్ 9 గంటలకు చెబుతామన్నారు. 9.30 దాకా కబురు రాకపోతే మీరు ఫోన్ చేయాలి.” రెండో నోట్ రాయడానికి పట్టేది మూడు నిమిషాలు. అందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది “కారణం తెలియలేదు” అన్న చిన్న వాక్యం. అది లేకపోతే పొద్దున వచ్చినవాళ్లు సమస్య తీరిపోయిందనుకుని పక్కన పెట్టేస్తారు.

అయితే అలా రాయాలంటే మనిషికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం చాలావరకు జట్టే ఇవ్వాలి. హార్వర్డ్‌లో పనిచేసే ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆస్పత్రి వార్డుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. మంచి జట్లలో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె అనుకున్నారు. లెక్క చూస్తే, బాగా కలిసి పనిచేసే వార్డుల్లోనే ఎక్కువ నమోదయ్యాయి. అక్కడ జరిగినదాన్ని దాచకుండా చెప్పుకుంటున్నారని ఆమెకు తర్వాత అర్థమైంది. తిడతారన్న భయం ఉన్నచోట నర్సులు నోరు విప్పడం లేదు.

ఆపరేషన్ థియేటర్‌లో ఇదే సంగతిని ఒక చిన్న అలవాటుగా మార్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన 19 అంశాల శస్త్రచికిత్స చెక్‌లిస్ట్‌లో ఒక పని ఇది: కత్తి పెట్టేముందు అక్కడున్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తాము చేసే పని పైకి చెప్పాలి. సర్జన్, మత్తు డాక్టరు, నర్సు, అందరూ. ఒకసారి తన గొంతు అందరికీ వినిపించాక, తర్వాత ఏదైనా తేడా కనిపిస్తే చెప్పడం మనిషికి తేలికవుతుంది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో ఈ చెక్‌లిస్ట్ మొదలుపెట్టాక శస్త్రచికిత్స మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు.

తెలుగు మీడియంలో చదివి వచ్చిన మిత్రులతో ప్రత్యేకంగా ఒక మాట. మీటింగులో అందరూ ఇంగ్లిష్‌లో గబగబా మాట్లాడుతుంటే, సందేహం ఉన్నా “సార్ ఏమనుకుంటారో” అని ఊరుకుంటారు. నాకు ఇది నిజంగా బాధ కలిగిస్తుంది. చాలాసార్లు సరైన ప్రశ్న మీ దగ్గరే ఉంటుంది. “ఈ అంకె ఏ యూనిట్‌లో ఉందండీ?” అని అడగడానికి గొప్ప ఇంగ్లిష్ అక్కర్లేదు. మీటింగులో నోరు పెగలకపోతే, అయిపోయిన పది నిమిషాల్లోపు రెండు ముక్కలు రాసి పంపండి. ఎవరు చూడాలో వాళ్ల పేరు పెట్టి పంపండి. గ్రూపులో అందరికీ కలిపి పెట్టిన ప్రశ్నకు చాలాసార్లు ఎవరూ జవాబివ్వరు.

ఇంటర్వ్యూలో “జట్టులో గొడవ వస్తే ఏం చేశారు?” అని అడుగుతారు. “మాకెప్పుడూ గొడవలు రాలేదు” అన్న జవాబుతో మీరెలా పనిచేస్తారో ఎదుటివాళ్లకేమీ తెలియదు. మీ భాగం ఆలస్యమైన రోజు ఎవరికి, ఎప్పుడు చెప్పారో చెప్పండి. చెప్పకపోతే అదీ చెప్పండి, దానివల్ల ఏమైందో కలిపి.

మీ ప్రాజెక్టు ఇంకా నడుస్తూ ఉంటే, వచ్చే రివ్యూకి ముందు నలుగురూ ఒక గంట కూర్చోండి. ఎవరి భాగాన్ని వాళ్లు కాకుండా పక్కవాళ్లు వివరించాలి. కోడ్ రాసినవాళ్లు రికార్డు గురించి, రికార్డు రాసినవాళ్లు కోడ్ గురించి. ఎవరైనా తడబడితే అక్కడ ఆగి, ఆ పని చేసిన మనిషిని అడగండి. తేలనిదాన్ని ఎవరు, ఏ రోజుకు తేలుస్తారో నోట్‌బుక్‌లో పేరుతో సహా రాసుకుని లేవండి.