వరి కాండంలో స్థిర తరంగాలు: అస్పందన, ప్రస్పందన స్థానాల గుర్తింపు

రాజమహేంద్రవరానికి దిగువన, ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీరందుకొనే గోదావరి డెల్టాలో వరికి సుడిదోమ చిరకాల శత్రువు. పిల్ల, తల్లి పురుగులు నీటి మట్టానికి కాస్త పైన దుబ్బు మొదళ్లలో చేరి రసం పీల్చడం వలన పైరు సుడులు సుడులుగా ఎండిపోతుంది. ఈ పురుగులలో ఆడ, మగ పరస్పరం గుర్తించుకొనే సంకేతాలు మొక్క గుండా కంపనాలుగా ప్రయాణిస్తాయని జపాన్ శాస్త్రవేత్తలు ఇచికావా, ఇషీ 1974లో ప్రకటించారు. ఇటలీ ద్రాక్షతోటలలో తీగలకు కృత్రిమ కంపనాలు పంపి ఒక జాతి దీపపు పురుగు జతకట్టడాన్ని అడ్డుకొనవచ్చునని 2012లో వెలువడిన పరిశోధన చూపింది. అటువంటి ప్రయత్నాన్ని వరిలో పరీక్షించాలంటే కాండంపై కంపనాన్ని ఎక్కడ కొలవాలి అన్న ప్రశ్న ముందుగా తేలాలి.

తరంగం ఎట్లు నిలుస్తుంది?

కాండంలో ప్రయాణించే కంపనాలు ప్రధానంగా వంపు తరంగాలు. అవి మొదలు వద్ద, కొన వద్ద పరావర్తనం చెంది వెనుకకు మరలుతాయని మిఖెల్సెన్ బృందం 1982లో నిరూపించింది. వెళ్లే తరంగం, మరలివచ్చే తరంగం ఒకే పౌనఃపున్యంతో కలిసినపుడు స్థిర తరంగం ఏర్పడుతుంది. రెండూ ఎల్లపుడు ఒకదానినొకటి రద్దు చేసుకొనే చోటు అస్పందన స్థానం. రెండూ కలిసి కంపన పరిమితిని గరిష్ఠం చేసే చోటు ప్రస్పందన స్థానం.

విద్యార్థులు ఒక పదసామ్యాన్ని జాగ్రత్తగా గమనించాలి. ఆంగ్లంలో ‘నోడ్’ అన్న మాట వృక్షశాస్త్రంలో కణుపును, భౌతికశాస్త్రంలో అస్పందన స్థానాన్ని సూచిస్తుంది. కణుపు మొక్క నిర్మాణంలో ఒక భాగం. దాని చోటు మారదు. అస్పందన స్థానం తరంగ ధర్మం. పౌనఃపున్యం మారితే అదీ కదులుతుంది.

ప్రయోగశాలలో ఈ భావనను సోనోమీటరుతో బోధించడం వాడుక. తీగపై చిన్న కాగితపు రైడర్లను ఉంచి కంపింపజేస్తే అస్పందన స్థానాల వద్దనున్నవి నిలుస్తాయి, ప్రస్పందన స్థానాల వద్దనున్నవి ఎగిరిపడతాయి. తీగలో వరుస అస్పందన స్థానాల మధ్య దూరం అన్నిచోట్ల సమానం. అది తరంగదైర్ఘ్యంలో సగం. ఈ నియమాన్ని కాండానికి యథాతథంగా అన్వయించరాదు. తీగలో పౌనఃపున్యం రెట్టింపైతే తరంగదైర్ఘ్యం సగమవుతుంది. వంపు తరంగాలలో వేగం పౌనఃపున్యపు వర్గమూలంతో పెరుగుతుంది గనుక, తరంగదైర్ఘ్యం సగం కావాలంటే పౌనఃపున్యం నాలుగు రెట్లు కావాలి. అంతేగాక కాండం ఒక కొన బిగించి, మరొక కొన వదలిన కడ్డీ వంటిది.

ఒక గణన

మొదలు బిగించి, కొన స్వేచ్ఛగా విడిచిన 60 సెం.మీ. ఏకరీతి కడ్డీని తీసుకొందాం. మొదటి రీతిలో బిగించిన మొదలు తప్ప వేరే అస్పందన స్థానం లేదు. రెండవ రీతిలో మొదలు నుంచి పొడవులో 0.783 వంతు వద్ద, అనగా 47 సెం.మీ. ఎత్తున ఒక అస్పందన స్థానం ఉంటుంది. మూడవ రీతిలో 0.504, 0.868 వంతుల వద్ద, అనగా దాదాపు 30, 52 సెం.మీ. ఎత్తున రెండు ఉంటాయి. రెండవ రీతిలో కొన ఒక ప్రస్పందన స్థానం కాగా, మరొకటి 28 సెం.మీ. వద్ద ఉంటుంది. అక్కడి కంపన పరిమితి కొన వద్ద ఉన్న దానిలో సుమారు 0.72 వంతు.

దీని ఫలితం గమనార్హం. రెండవ రీతిలో కంపించే కడ్డీపై సంవేదకాన్ని 47 సెం.మీ. వద్ద ఉంచినవారికి కంపనమే లేదనిపిస్తుంది. 28 సెం.మీ. వద్ద ఉంచినవారికి బలమైన సంకేతం కనబడుతుంది. కడ్డీ ఒకటే, కంపనం ఒకటే. రెండు వరి రకాలను చెరొక ఎత్తులో ఒక్కొక్క బిందువు వద్ద కొలిచి, ఒకటి కంపనాన్ని బాగా ప్రసరింపజేస్తుందనీ మరొకటి అణచివేస్తుందనీ చెప్పడం అందుచేత నిలవదు. వరి కాండం పైకి సన్నబడుతుంది, ఆకుతొడుగులు దానిని చుట్టి ఉంటాయి, కంకి బరువు కొనపై పడుతుంది. కాబట్టి పై సంఖ్యలు మార్గదర్శకాలు మాత్రమే; అసలు స్థానాలను ప్రతి మొక్కపైనా కొలిచి తెలుసుకోవాలి.

గుర్తించే క్రమం

1. మొక్కను వేళ్లతో, మట్టితోనే ఉంచి, కాండాన్ని ఒకే పౌనఃపున్యంతో, ఒకే తలంలో, నిలకడగా కంపింపజేయాలి.

2. తాకకుండా కొలిచే లేజర్ వైబ్రోమీటర్ శ్రేష్ఠం. కాండానికి అతికించే సంవేదకపు బరువే తరంగ రూపాన్ని మార్చగలదు.

3. మొదలు నుంచి కొన వరకు సెంటీమీటరుకొక కొలత తీసుకొని, కంపన పరిమితిని, దశను దూరానికి ఎదురుగా గ్రాఫులో గీయాలి.

4. కంపన పరిమితి కనిష్ఠమై, దానికి ఇరువైపులా దశ 180 డిగ్రీలు తేడాపడితే అది అస్పందన స్థానం. రెండు కనిష్ఠాల నడుమ దశ మారకుండా పరిమితి గరిష్ఠమయ్యే చోటు ప్రస్పందన స్థానం.

5. పౌనఃపున్యం మార్చి మరల కొలవాలి. కనిష్ఠం స్థానం మారితే అది స్థిర తరంగ ఫలితమే. ఎంత మార్చినా ఒకేచోట ఉంటే అది కణుపు, గాయం వంటి నిర్మాణ కారణం కావచ్చును.

పరావర్తనం సంపూర్ణం కాదు గనుక కనిష్ఠం సున్నాకు చేరకపోవచ్చు. గరిష్ఠ, కనిష్ఠ పరిమితుల నిష్పత్తిని ఫలితాలతోపాటు తెలపాలి. నిష్పత్తి ఒకటికి చేరువైతే అక్కడ ఉన్నది ప్రధానంగా ప్రయాణించే తరంగం.

విస్తరణకు సూచన

సుడిదోమ నివాసం దుబ్బు మొదలు. బిగించిన మొదలు దగ్గర కదలిక స్వభావరీత్యా స్వల్పం. కొన వద్ద నమోదైన కంపన బలాన్ని పురుగు ఉన్న చోటికి ఆపాదించరాదు. నిలువ నీటిలోని దుబ్బులో, పురుగు ఉండే ఎత్తులోనే కొలవాలి. కంపన పరికరం గురించి రైతుకు చెప్పే ముందు, ఆ కొలత ఏ ఎత్తులో, ఏ పౌనఃపున్యంలో, ఎన్ని బిందువుల వద్ద తీసినదో విస్తరణ శాస్త్రవేత్త అడగాలి. అంతవరకు తట్టుకొనే రకాల ఎంపిక, ప్రతి 2 మీటర్లకు 20 సెం.మీ. కాలిబాట, నత్రజని మితవాడకం, పొలాన్ని అడపాదడపా ఆరగట్టడం అన్న సిఫారసులే రైతుకు ఆధారం.