ఏది ముందు అయిపోతుంది? – ఒక యూరియా లెక్క



రసాయన సమీకరణాన్ని తుల్యం చేయడం మనలో చాలామందికి వచ్చు. కానీ లెక్కలో ఒక పదార్థం తక్కువ, ఇంకొకటి ఎక్కువ అని ఇవ్వగానే కొందరు దాన్నిబట్టి గుణకాలనే మార్చేస్తారు. అక్కడితో లెక్క మొత్తం పోతుంది. గుణకాలు చెప్పేది పదార్థాలు ఏ నిష్పత్తిలో కలుస్తాయన్నది మాత్రమే. మన దగ్గర ఎంత సరుకు ఉన్నదో సమీకరణానికి అక్కర లేదు.

మన ఎల్లంతకుంట రైతులు వరికి చల్లే యూరియానే తీసుకుందాం.

2 అమ్మోనియా + 1 కార్బన్ డయాక్సైడ్ → 1 యూరియా + 1 నీరు

అణుభారాలు వరుసగా 17, 44, 60, 18. అంటే 34 గ్రాముల అమ్మోనియాకు 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ సరిగ్గా సరిపోయి 60 గ్రాముల యూరియా, 18 గ్రాముల నీరు వస్తాయి.

ఇప్పుడు 40 గ్రాముల అమ్మోనియా, 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఇచ్చారనుకుందాం. ఏది ముందు అయిపోతుంది? బరువు చూసి అమ్మోనియా అంటే తప్పు. గ్రాములను అణుభారంతో భాగించి మోల్‌లు చేయాలి, ఆ మోల్‌లను గుణకంతో భాగించాలి. అమ్మోనియాకు 40/17 = 2.35, దానిలో సగం 1.18. కార్బన్ డయాక్సైడ్‌కు 44/44 = 1. చిన్న సంఖ్య వచ్చిన కార్బన్ డయాక్సైడే పరిమిత కారకం. యూరియా 60 గ్రాములే వస్తుంది, 6 గ్రాముల అమ్మోనియా మిగులుతుంది. సిరిసిల్ల సాంచా మీద బీము అయిపోయాక పేక నూలు ఎంత మిగిలినా బట్ట పెరగదు కదా, ఇదీ అంతే.

ఈ లెక్క పరీక్ష పేపరుకే పరిమితం కాదు. ఒకప్పటి మన కరీంనగర్ జిల్లాలో, ఇప్పటి పెద్దపల్లి జిల్లాలో ఉన్న రామగుండంలో బొగ్గుతో నడిచిన పాత ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. అక్కడే గ్యాస్‌తో నడిచే కొత్త కర్మాగారం 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దాని సామర్థ్యం రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా. 2,200ను 60తో గుణించి 34తో భాగించి చూడండి, 3,882 వస్తుంది. మన నోటుబుక్కు లెక్కకూ అంత పెద్ద కర్మాగారానికీ తేడా నూటికి ఒకటి కూడా లేదు!

అయితే అక్కడ రియాక్టరులోకి అమ్మోనియాను కావాలనే ఎక్కువగా పంపుతారు. ఈ చర్య వెనక్కి కూడా జరుగుతుంది కాబట్టి ఒకటి ఎక్కువగా ఉంటే చర్య ముందుకు సాగి, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ భాగం యూరియాగా మారుతుంది. మిగిలిన అమ్మోనియాను పారవేయరు, వేరుచేసి మళ్లీ లోపలికే పంపుతారు. అందుకే రియాక్టరులో అది అధికమైనా, రోజు మొత్తం లెక్కలో నిష్పత్తి చెడదు.

మీరు చేయవలసిన లెక్క: 68 గ్రాముల అమ్మోనియా, 110 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఇచ్చారు. యూరియా ఎంత? నీరు ఎంత? ఏది ఎంత మిగులుతుంది? మీ జవాబులన్నీ కూడితే 178 గ్రాములు రావాలి. రాకపోతే మోల్‌ల దగ్గర మళ్లీ చూడండి.