ఆదివారం పందెం, సోమవారం పని: పాత మారుతీ 800ను ఆటోక్రాస్‌కు సిద్ధం చేయడం

ఆటోక్రాస్ అనే మాట మన హాస్టల్ తమ్ముళ్ళలో చాలామంది విని ఉండకపోవచ్చు. కారు పందెం అనగానే టీవీలో చూసే ఫార్ములా వన్, లేదా 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ గుర్తుకొస్తాయి. అవి కోట్ల రూపాయల వ్యవహారం. ఆటోక్రాస్ అలాంటిది కాదు. ఖాళీ మైదానంలో ప్లాస్టిక్ కోన్లు నిలబెట్టి వంపుల దారి తయారు చేస్తారు. సాధారణంగా ఒక్కొక్క కారే బయలుదేరి ఆ దారిన చుట్టి వస్తుంది. పోటీ పక్క కారుతో కాదు, గడియారంతో. కోను పడితే శిక్షగా సమయం కలుపుతారు. అమెరికాలో ఎస్‌సీసీఏ అనే సంస్థ పోటీల్లో కోనుకు 2 సెకన్లు. మన దేశంలో ఈ పోటీలు ఎక్కువగా మట్టి నేల మీద జరుగుతాయి.

మేము ముగ్గురం ఈ హాస్టల్లోనే పదో తరగతి దాకా చదివి, ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు చేసినవాళ్ళం. ఇప్పుడు ఉమ్మడిగా షెడ్డు నడుపుతున్నాం. మా దగ్గరున్నది పాత మారుతీ 800. వారమంతా పానాలు, విడిభాగాలు వేసుకుని పల్లెలు తిరిగేది దాని మీదే. ఆదివారం అది విరిగితే సోమవారం మాకు కూలి లేదు. అందుకని బండి తయారీలో మాకున్న కొలత ఒకటే. పందెం అయ్యాక అది తన చక్రాల మీద ఇంటికి రావాలి.

మారుతీ 800 మొదటి బండి 1983 డిసెంబరులో కొన్నవారి చేతికి వచ్చింది. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. 796 సీసీ, మూడు సిలిండర్లు, శక్తి దాదాపు 40 హార్స్ పవర్, బరువు దాదాపు 650 కిలోలు. షెడ్డుకు వచ్చే కుర్రాళ్ళు మొదట అడిగేది ఇంజన్ పవర్ పెంచడం గురించే. పెద్ద సైలెన్సర్ పైపు వేయమంటారు, ఫిల్టర్ మార్చమంటారు. మా లెక్కలో ఆ డబ్బు మురిక్కాలవలో పోసినట్టే. ఎందుకో ఫిజిక్స్ పుస్తకమే చెబుతుంది.

వంపులో కారును లోపలికి లాగి ఉంచేది టైరుకూ నేలకూ మధ్య ఘర్షణ. వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే వచ్చే త్వరణం, ఘర్షణ గుణకాన్ని 9.8తో గుణించినదానికి మించకూడదు. 10 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపు తీసుకోండి. తారు మీద గుణకం 0.8 అనుకుంటే గరిష్ఠ వేగం సెకనుకు 8.85 మీటర్లు, అంటే గంటకు 32 కిలోమీటర్లు. మట్టి మీద 0.5 అనుకుంటే 25 కిలోమీటర్లే. ఆ వేగం మారుతీకి ఒక లెక్కా? కాబట్టి వంపులో ఆపేది ఇంజన్ కాదు, టైరు. ఇందులో వర్గం ఉంది కనుక వంపులో వేగం పదో వంతు పెరగాలంటే పట్టు 21 శాతం పెరగాలి.

ఇంకో లెక్క. డ్రైవరుతో కలిపి బండి 720 కిలోలు, గరిమనాభి ఎత్తు అర మీటరు అనుకుందాం. చక్రాల మధ్య దూరం 2.175 మీటర్లు. గురుత్వ త్వరణంలో 0.7 వంతుతో బ్రేకు వేస్తే వెనుక చక్రాల మీది బరువులో 116 కిలోలు ముందు చక్రాల మీదికి వస్తుంది. అందుకే బ్రేకు మీద ఉండగా స్టీరింగు గట్టిగా తిప్పితే తేలికైన వెనుక భాగం పక్కకు విసురుతుంది. టైరుకున్న పట్టు మొత్తాన్ని కర్ణం అనుకోండి. 100లో 80 బ్రేకుకు ఖర్చుపెడితే తిరగడానికి మిగిలేది 20 కాదు, 60. మూడు, నాలుగు, ఐదు త్రిభుజమే. పైథాగరస్ ఎక్కడ పనికొస్తాడని మా లెక్కల సారును అడిగేవాళ్ళం. ఇక్కడ పనికొచ్చాడు.

ఇక షెడ్డు పని. టైరు పక్క గోడ మీద డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 3219 అంటే 2019లో 32వ వారంలో తయారైందని. గీతలు లోతుగా ఉన్నా, ఏళ్ళు గడిచిన రబ్బరు గట్టిపడి జారుతుంది. డబ్బు ఉంటే మొదట ముందు టైర్లకే పెట్టండి. మారుతీలో లాగేదీ తిరిగేదీ అవే, బ్రేకు భారం ఎక్కువ మోసేదీ అవే. గాలి సరిచూడటానికి సుద్దముక్క చాలు. టైరు అంచు నుంచి పక్క గోడ మీదికి సుద్దతో గీత గీసి ఒక చుట్టు తిప్పి రండి. తారు నేల మీద ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. గీత పక్క గోడ దాకా చెరిగిపోతే గాలి తక్కువ, అంచు దగ్గర కూడా చెరగకపోతే ఎక్కువ.

తరువాత జాకీ ఎత్తి (కింద స్టాండు పెట్టకుండా ఎవరూ చెయ్యి పెట్టకండి) చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఆడితే బేరింగో బాల్ జాయింటో పోయింది. కుడి ఎడమలు పట్టుకుని ఊపితే ఆడేది టై రాడ్ ఎండ్. రోడ్డు మీద ఇంకో నెల నడుస్తుందనుకునే బాల్ జాయింటు కోన్ల మధ్య ఒక్క రోజులో ఊడవచ్చు. అప్పుడు చక్రం అడ్డం తిరిగిపోతుంది. ఇక్కడ బేరాలు వద్దు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డీఓటీ 3 ఆయిల్ 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టినదానికి ప్రమాణం అడిగే కనీసం 140 డిగ్రీలే. వరుస బ్రేకులతో వేడెక్కి మరిగితే పైపులో ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ నేలకు అంటుకుంటుంది. కొత్త డబ్బా తెరిచి పాతదంతా తీసేసి, గాలి పూర్తిగా పోయేదాకా ఒకరు పెడల్ తొక్కుతూ ఒకరు నిపుల్ వదులుతూ పని పూర్తి చేయాలి. దీనికయ్యే ఖర్చు సైలెన్సర్ పైపు ఖర్చులో చాలా చిన్న భాగం. ఇంజన్ ఆయిల్ కొలపుల్ల పై గీత దాకా ఉండాలి. వంపుల్లో ఆయిల్ పక్కకు ఒరిగి పంపు గాలి పీల్చకుండా అది కాపాడుతుంది. టైమింగ్ బెల్టు వయసు తెలియకపోతే మార్చడమే.

బ్యాటరీ క్లాంపు చేత్తో కదిపి చూడండి. స్టెప్నీ, జాకీ, మ్యాట్లు, డిక్కీలోని సామానంతా దించేయండి. అన్నిటికంటే మాకు భయం నీళ్ళ బాటిల్ అంటే. సీటు కిందనుంచి దొర్లి బ్రేక్ పెడల్ కిందికి చేరితే ఎంత మంచి బ్రేకైనా పనిచేయదు. సీటు బెల్టు నేత అంచు చిరిగిందా, గట్టిగా లాగితే లాక్ అవుతుందా చూసుకోవాలి. హెల్మెట్ నిర్వాహకులు చెప్పిన రకానిదే ఉండాలి.

మా కుర్రాళ్ళకు పదేపదే చెప్పే సంగతి ఒకటుంది. సాధన పేరుతో రింగు రోడ్డు మీద బండి తిప్పవద్దు. అక్కడ కోన్లు ఉండవు, మనుషులుంటారు. మామూలు కారు బీమా పాలసీ పందేలకు, వేగ పరీక్షలకు వర్తించదని అందులోనే రాసి ఉంటుంది. చదువుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి రూపురేఖలు ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదు. పైగా 15 ఏళ్ళు దాటిన బండి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి తనిఖీకి వెళ్ళాల్సిందే. మేము కోత, వెల్డింగు జోలికి పోనిది అందుకే.

మైదానంలో మొదటి పని నడక. దారంతా కాలినడకన రెండుసార్లు తిరిగి ఏ కోను దగ్గర బ్రేకు వదలాలో మనసులో పెట్టుకోవాలి. నడిపేటప్పుడు చూపు ముందున్న కోను మీద కాదు, దాని తరువాతి కోను మీద ఉండాలి. బ్రేకు తిన్నటి దారిలోనే ముగించాలి. ముందు చక్రాలు జారితే స్టీరింగు ఇంకా తిప్పడం దండగ. యాక్సిలరేటర్ కొద్దిగా వదిలి, స్టీరింగు కాస్త వెనక్కి ఇస్తే టైరు మళ్ళీ నేలను పట్టుకుంటుంది.

ఇంటికి బయలుదేరే ముందు చక్రాల నట్లు మళ్ళీ బిగించి, టైర్లలో గాలి రోడ్డు కొలతకు తెచ్చి, స్టెప్నీ ఎక్కించాలి. షెడ్డుకు చేరాక చక్రాల లోపలి మట్టి కడిగి యాక్సిల్ బూట్లను వేళ్ళతో తడిమి చూడాలి. రబ్బరు చీలి గ్రీజు బయటికి వస్తుంటే ఆ రాత్రే మార్చేస్తాం. లోపలికి ఇసుక చేరాక మార్చాల్సింది బూటు కాదు, జాయింటు మొత్తం.