జీపీఏ రాసే ముందు

సౌమ్యా,

వకీలు గారి ఆఫీసులో నీకు అప్పజెప్పిన మొదటి పని జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) డ్రాఫ్టేనట, మీ నాన్న ఫోనులో చెప్పాడు. కంప్యూటర్లో పాత మ్యాటర్ ఉంటుంది, పేర్లూ సర్వే నంబర్లూ మార్చి ప్రింటు తీస్తే అయిపోతుంది. మా దస్తావేజు లేఖరులు చాలామంది చేసేదీ అదే. నువ్వు మాత్రం అలా చెయ్యకమ్మా.

ఆ మ్యాటర్ ఒకసారి చదువు. ‘అమ్ముటకు, తనఖా పెట్టుటకు, డెవలప్‌మెంటుకు ఇచ్చుటకు, ప్రతిఫలము పుచ్చుకొని రశీదు ఇచ్చుటకు’ అంటూ సాగుతుంది. అమెరికాలో ఉన్న కుర్రాడికి కావలసిందల్లా తెనాలిలో ఇల్లు అద్దెకిచ్చి పన్ను కట్టే మనిషి. ఆ కాగితం బావమరిది చేతికిస్తే అతను ఇల్లే అమ్మేయొచ్చు. అందుకని ముందు ‘మీకు జరగాల్సిన పనేమిటండీ?’ అని అడుగు. ఒక్క పనైతే స్పెషల్ పవర్ చాలు. అమ్మే అధికారం ఇవ్వక తప్పకపోతే, డబ్బు ఎవరి ఖాతాలో పడాలో కూడా రాయి.

విదేశంలో ఉన్నవాళ్లు అక్కడి నోటరీ ముందు గానీ మన కాన్సులేటులో గానీ సంతకం చేస్తారు. కాగితం ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంపు వేయించాలి. చేరిన తేదీకి రుజువు కావాలి కనుక కొరియర్ కవరు పారేయొద్దని చెప్పు.

జనం తప్పుగా అనుకునేది ఎక్కువగా ఇంకో విషయంలో. అమ్మకి మతిమరుపు ముదురుతోంది, ఇప్పుడే జీపీఏ తీసేసుకుంటే తర్వాత ఇబ్బంది ఉండదు కదా అని పిల్లలు వస్తారు. ఉంటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం ఇచ్చిన మనిషి చనిపోయినా, మతిస్థిమితం తప్పినా ఆ అధికారం అక్కడితో సరి. ఏజెంటుకు, అంటే పవర్ పుచ్చుకున్న మనిషికి, ఆ ఆస్తిలో సొంత హక్కు ఉన్నప్పుడు మాత్రం 202వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. మతి తప్పాక కూడా చెల్లే పవర్లు ఇంగ్లండులో ఉన్నాయి. మనకు లేవు, సంరక్షకుల నియామకం కోసం కోర్టుకు వెళ్లాల్సిందే. ఈ మాట డ్రాఫ్టుకు ముందే చెప్పు, ఫీజు పోయినా సరే.

జీపీఏ పుచ్చుకుని ప్లాటు కొన్నాననేవాళ్లూ వస్తారు. దానివల్ల హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చేసింది. సేల్ డీడ్ కావాలి.

జీపీఏ రద్దు విషయంలోనూ జనం పొరబడతారు. రద్దు పత్రం రాయించి బీరువాలో పెట్టుకుంటే ఏం లాభం? ఏజెంటుకు తెలిసిన నాటి నుంచే అతని మీద, బయటివాళ్లకు తెలిసిన నాటి నుంచే వాళ్ల మీద అది పనిచేస్తుంది. అందుకే ఏజెంటుకు స్పీడ్ పోస్టులో నోటీసు, బ్యాంకుకూ అద్దెకున్నవాళ్లకూ ఉత్తరాలు, పేపర్లో ప్రకటన.

డ్రాఫ్టు ఇంగ్లీషులో ఉన్నా, సంతకం పెట్టే మనిషిని కూర్చోబెట్టి ప్రతి అధికారాన్నీ తెలుగులో చదివి వినిపించు. ఏదైనా వద్దంటే అప్పటికప్పుడు కొట్టేసి, ఆ పేజీ మళ్లీ టైపు చేయి.

మీ పెదనాన్న