ఆయన తరఫున, మీ పేరుతో

హైదరాబాద్ పత్థర్‌గట్టిలో బట్టల దుకాణం. సేట్ హజ్‌కి వెళ్లారు. ఈ సాయంత్రానికల్లా సరుకు ఆర్డరు ఉత్తరం సూరత్‌కి వెళ్లాలి. గల్లా దగ్గర మీరున్నారు. ఆయన సంతకం పదేళ్లుగా చూస్తున్నారు, కళ్లు మూసుకుని గీసెయ్యగలరు.

గీయకండి. సేట్ ఫోన్ చేసి "నా సంతకం నువ్వే పెట్టెయ్ బాబూ" అన్నా గీయకండి. ఆయన మీ మీద నమ్మకంతో అప్పగించింది పని. ఆ పనికి మీ సొంత సంతకం చాలు.

ఉత్తరం చివర దుకాణం పేరు రాసి, పక్కన 'తరఫున' అని చేర్చండి. ఇంగ్లిషు ఉత్తరమైతే 'ఫర్' అనో, 'పి.పి.' అనో రాస్తారు. ఈ 'పి.పి.' లాటిన్ మాటకు పొట్టి రూపం, అప్పగించిన అధికారంతో అని అర్థం. దాని కింద మీ సంతకం, పూర్తి పేరు, హోదా. చదివేవాడికి రెండూ తెలియాలి: మాట ఎవరిది, చెయ్యి ఎవరిది.

చాలామంది ఇక్కడే జంకుతారు. 'నా పేరు కనిపిస్తే రేపు నన్నే పట్టుకుంటారేమో' అని. నిజానికి మనల్ని కాపాడేది ఆ 'తరఫున' అన్న మాటే. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 28వ సెక్షన్ చూడండి. చెక్కు మీదో ప్రామిసరీ నోటు మీదో ఏజెంటునని తెలపకుండా ఉత్త సంతకం చేస్తే, సాధారణంగా ఆ బాకీ చేసినవాడి మెడకే చుట్టుకుంటుంది. అసలు అధికారమే లేకుండా ఉందని నమ్మించారా, 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం అవతలివాడి నష్టం మీరే కట్టాల్సి రావచ్చు. అందుకే ఇకమీదట సేట్ ప్రయాణానికి ముందే ఒక కాగితం అడిగి తీసుకోండి. ఏయే ఉత్తరాలకు, ఎంత మొత్తం దాకా, ఏ తేదీ వరకు అని రాయించుకోండి. అడగడానికి మొహమాటం దేనికి? ఆయనకీ అది నిశ్చింతే.

'ఇంకొకరి తరఫున' అంటే చిన్నతనం అనుకునేవాళ్లు దివాన్ దేవిడి కమాను దగ్గర కాసేపు ఆగాలి. అది ఒకప్పటి సాలార్‌జంగ్‌ల నివాసం. 1869లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ గద్దెనెక్కేనాటికి మూడేళ్లయినా నిండలేదు. దివాన్ మొదటి సాలార్‌జంగ్, మొదట్లో అమీరె కబీర్ అనే ప్రభువుతో కలిసి, ఆ పసివాడి తరఫున రాజ్యం నడిపారు. 1883లో కన్నుమూసేదాకా, పద్నాలుగేళ్లు. గద్దె నిజాందే, బాధ్యత దివాన్‌ది. ఇంకొకరి పేరు మీద పనిచేసినందుకు ఆయన పేరేమీ చెరిగిపోలేదు, హైదరాబాద్ ఇప్పటికీ ఆ పేరు తలుచుకుంటుంది.

ఉత్తరం పంపాక దాని నకలు ఫైల్లో పెట్టండి. ఆ రాత్రే కబురు చెయ్యండి: "సేట్, సూరత్ ఆర్డరు మీ తరఫున పంపాను. సంతకం నాది. మొత్తం మీరు చెప్పినంతే."