చిరునవ్వు వెనుక శ్రమ

ఇంటికి వచ్చిన అతిథిని ఆదరించడం మన సంస్కృతిలో గృహస్థధర్మం. అది ప్రేమతో చేసేదే గాని, ప్రతిఫలం ఆశించి చేసేది కాదు. ఆధునిక కాలంలో విహారయాత్రలు పెరిగి, ఆతిథ్యం ఒక వృత్తిగా రూపొందింది. అప్పుడొక ప్రశ్న తలెత్తింది: జీతానికి పనిచేసే వ్యక్తి నుంచి స్నేహాన్ని కోరవచ్చునా?

బ్రిటన్‌లోని సెలవు శిబిరాల చరిత్ర ఈ ప్రశ్నకు చక్కని నిదర్శనం. అక్కడ సముద్రతీర విహారానికి వెళ్లిన సామాన్యులు అద్దె గదుల్లో బస చేసేవారు. భోజనవేళల మధ్య వారిని బయటికి పంపివేసే యజమానురాళ్లు ఉండేవారు. వర్షం కురుస్తున్నా తలదాచుకునే చోటు దొరికేది కాదు. ఈ నిరాదరణను గమనించిన బిల్లీ బట్లిన్ అనే వ్యాపారి, 1936లో ఇంగ్లండు తూర్పు తీరాన స్కెగ్‌నెస్ వద్ద ఒక విహార శిబిరాన్ని నెలకొల్పాడు. కుటీరాలు, భోజనశాలలు, క్రీడాస్థలాలు ఒకే ప్రాంగణంలో వెలిశాయి.

వసతులన్నీ ఉన్నా, తొలిరోజుల్లో అతిథులు ఒకరితో ఒకరు కలవక ముభావంగా ఉండిపోయారు. అందుచేత బట్లిన్ నార్మన్ బ్రాడ్‌ఫర్డ్ అనే వ్యక్తిని పిలిచి, వారిని నవ్వించే బాధ్యత అప్పగించాడు. అతని మాటలతో శిబిరం కళకళలాడింది. అందరిలో ప్రత్యేకంగా కనబడేందుకు అతనికి ఎర్రకోటు ఏర్పాటైంది. 'రెడ్‌కోట్స్' అనే సిబ్బంది వర్గం ఆ విధంగా అవతరించింది. పిల్లలను ఆడించడం, పోటీలు నిర్వహించడం, అతిథులతో కలసి నృత్యం చేయడం వారి విధులు. స్నేహమే వారికి ఉద్యోగమైంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. గది ఊడిస్తే ఆ పని ముగుస్తుంది. నవ్వవలసిన పనికి ముగింపు లేదు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో విమాన పరిచారికల జీవితాన్ని పరిశీలించి వెలువరించిన గ్రంథంలో దీనిని 'భావోద్వేగ శ్రమ'గా వివరించింది. మనసులోని విసుగును అణచి, ముఖాన ప్రసన్నతను నిలపడం కూడా శ్రమయే. పని ఒత్తిడి పెరిగినకొద్దీ ఆ నవ్వు యాంత్రికమవుతుంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1991లో హోటళ్లు, భోజనశాలలు, తత్సమాన సంస్థల సిబ్బంది కోసం 172వ ఒడంబడికను ఆమోదించింది. సిబ్బందికి సముచితమైన విశ్రాంతి ఉండాలనీ, బహుమానపు సొమ్ముతో సంబంధం లేకుండా క్రమం తప్పక మూలవేతనం అందాలనీ అది నిర్దేశించింది.

మన మారేడుమిల్లి అడవుల్లోనూ, అరకు దారిలోని టైడా వద్దనూ విహార వసతులు వెలిశాయి. ఇతరులకు విశ్రాంతినిచ్చే సెలవులే ఇటువంటి చోట్ల పనిచేసేవారికి ఊపిరి సలపని రోజులు. వంట ఆలస్యమైతే వడ్డించేవాడు మాటపడతాడు. గదులు చాలకపోతే గుమాస్తా నింద మోస్తాడు. పదిమంది చేయవలసిన పనిని నలుగురిపై మోపి, చిరునవ్వు చెదరరాదని శాసించడం న్యాయం కాదు. తగినంత సిబ్బందిని నియమించడం యాజమాన్యం బాధ్యత. సేవకుని కూడా మనిషిగా గుర్తించి మన్ననగా పలకరించడం అతిథి ధర్మం. స్నేహాన్ని ఆజ్ఞాపించలేము, అది వికసించే పరిస్థితులను మాత్రం కల్పించగలము.

ప్రశ్నలు
1. 'రెడ్‌కోట్స్' సిబ్బంది ఎలా ఏర్పడిందో వివరించండి.
2. 'భావోద్వేగ శ్రమ' అనగానేమి?
3. ఆతిథ్యంలో యాజమాన్యం, అతిథుల బాధ్యతలను చర్చించండి.