కావలి పోయే కాలికి ఏ ప్యాంటు?

మక్క చేను కంకి పట్టింది మొదలు వేల్పూర్ చుట్టుపక్కల ఊళ్ళల్లో రైతుకు రాత్రి నిద్ర ఉండదు. పొద్దుగూకిందంటే అడవి పందులు మంద కట్టి వస్తాయి. ఒక్క రాత్రి ఏమరుపాటుగా ఉంటే ఆరు నెలల కష్టం తెల్లారేసరికి నేల మీద పడి ఉంటుంది. అందుకే మంచె మీదికి పోయే రైతు టార్చిలైటు తీసుకుంటాడు, కర్ర తీసుకుంటాడు, కొట్టడానికి డబ్బా, కప్పుకోవడానికి గొంగడి మరిచిపోడు. కాళ్ళకు ఏం తొడుక్కున్నామన్నది మాత్రం ఎవరికీ పట్టదు.

నాలుగేండ్ల కిందట మా బావ అట్లనే పోయిండు. గట్టు మీద రక్తపింజరను తొక్కిండు. లుంగీ మోకాళ్ళ పైకి మడిచి కట్టుకుని ఉన్నాడు. కాటు నేరుగా పిక్క మీద పడ్డది. వారానికి పైగా ఆసుపత్రిలో ఉండి ప్రాణంతో బయటపడ్డాడు గానీ, ఆ కాలికి ఇప్పటికీ వాపు వస్తది. పసుపు తవ్వకంలో పూట సేపు నిలబడలేడు.

ఆ భయంతో నేనూ ఒక ప్యాంటు కొన్నాను. మిలటరీ మచ్చలున్నది, చూడ్డానికి దిట్టంగా ఉన్నది, పైగా అగ్గువ. మూడో రోజు ఒర్రె దాటుతుంటే కాళ్ళ నడుమ కుట్టు పర్రున పిగిలింది. అప్పటి నుంచి బట్టల దుకాణాల్లో, దర్జీల దగ్గర అడిగి తెలుసుకున్నవి, వాడి చూసుకున్నవి రైతు సోదరుల కోసం ఇక్కడ రాస్తున్నాను.

వేట ప్యాంటులో మనం నేర్చుకునేది

అమెరికా, యూరప్ దేశాల్లో వేటకు పోయేవాళ్ళ కోసమే ప్యాంట్లు తయారుచేస్తారు. ముళ్ళ పొదల్లో దూరినా చిరగకుండా ముందు వైపు, మోకాళ్ళ మీద రెండు పొరల బట్ట వేస్తారు. మన దగ్గర వేట లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమయింది. పంట తినే అడవి పందినైనా అటవీశాఖ అనుమతి లేకుండా చంపరాదు. కానీ ముళ్ళు, పొదలు, చీకటి, పాము మనకూ ఉన్నాయి. వేటగాడికి కావలసిన ప్యాంటు, కావలి కాసే రైతుకూ చెరుకు కొట్టే కూలీకీ గొర్ల కాపరికీ కావలసిన ప్యాంటు ఒకటే.

గట్టి ప్యాంటు కథ కూడా కూలీ ఇంటి నుంచే మొదలైంది. 1870 ప్రాంతంలో అమెరికాలోని రెనో పట్నంలో జేకబ్ డేవిస్ అనే దర్జీ ఉండేవాడు. కట్టెలు కొట్టే ఒకాయన భార్య వచ్చి, తన భర్తకు తొందరగా చిరగని ప్యాంటు కావాలని అడిగింది. ఆయన జేబు మూలల్లో రాగి రివిట్లు కొట్టి కుట్టి ఇచ్చాడు. తర్వాత బట్టల వ్యాపారి లెవీ స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న పేటెంటు పొందాడు. ఈనాటి జీన్స్ ప్యాంటు అట్లా పుట్టింది. బట్ట ఎంత మంచిదైనా లాగుడు పడే మూల గట్టిగా లేకపోతే ప్యాంటు నిలవదని ఆ దర్జీ అప్పుడే గుర్తించాడు.

మచ్చలు చూసి మోసపోవద్దు

మచ్చల రంగు వేసినంత మాత్రాన బట్టకు బలం రాదు. పందిని ఏమార్చడానికీ అది పనికిరాదు. పంది రంగులను మనలాగా గుర్తుపట్టలేదు. అది వాసన పట్టి, చప్పుడు విని మనిషిని కనిపెడుతుంది. నైలాన్ బట్ట నడుస్తుంటే సరసరమంటుంది, నూలు బట్ట చప్పుడు చేయదు. రాత్రిపూట రోడ్డు దాటి చేనుకు పోయేవాళ్ళు దాక్కోవడం కాదు, ట్రాక్టరు డ్రైవరుకు కనిపించాలి. అందుకని లేత రంగు మేలు. పిక్కల దగ్గర వెలుగు పడితే మెరిసే పట్టీ కుట్టించుకుంటే ఇంకా మంచిది. అమెరికాలో వేటగాళ్ళు నారింజ రంగు వేసుకునేది కూడా తోటి మనిషికి కనిపించడానికే.

ముందు పని చూడండి, తర్వాత బట్ట

అన్ని పనులకూ ఒకటే ప్యాంటు సరిపోదు.

రాత్రి కావలికి డెనిమ్, అంటే జీన్స్ బట్ట మంచిది. దుకాణంలో దీన్ని ఔన్సుల్లో చెబుతారు. గజం బట్ట 10 నుంచి 12 ఔన్సులు తూగేది మనకు చాలు. 14 దాటితే బరువు, చెమట, ఉతికితే తొందరగా ఆరదు.

చెరుకు కొట్టడానికి, పసుపు తవ్వడానికి డ్రిల్ బట్ట తీసుకోవాలి. పోలీసుల ఖాకీ మాదిరి దగ్గరగా చూస్తే ఏటవాలు గీతలు కనిపించే నేత అది. సాదా నేత కంటే దట్టంగా ఉంటుంది. మీటరు చదరానికి 240 నుంచి 280 గ్రాములు ఉండే బట్ట అడగండి. చెరుకు ఆకు అంచు రంపం లాంటిదని బోధన్ వైపు చెరుకు రైతులకు చెప్పనక్కర లేదు. 1937లో స్థాపించిన నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడ్డాక ఆ వైపు చెరుకు తగ్గిపోయింది గానీ, ఉన్న చెరుకు కాలు కోయడం మానలేదు.

నీళ్ళలో, బురదలో పనికి నూలు, పాలిస్టర్ కలిసిన టెర్రీకాటన్ నయం. తొందరగా ఆరుతుంది, రాపిడికి ఆగుతుంది. కానీ పసుపు ఉడకబెట్టే పొయ్యి దగ్గరికి, మంట పెట్టే ఏ పనికైనా దీన్ని వేసుకుని పోవద్దు. నిప్పు తగిలితే పాలిస్టర్ కరిగి ఒంటికి అంటుకుంటుంది. మంట దగ్గర పూర్తి నూలు బట్టే వేసుకోవాలి.

ఎండాకాలం పగటి పనికి జీన్స్ వద్దు. పలచని నూలు ప్యాంటు, వదులుగా ఉన్నది చాలు.

కుట్టు తిప్పి చూడండి

ప్యాంటును దుకాణంలో లోపలి వైపు తిప్పి చూసేవాళ్ళు తక్కువ. అసలు సంగతి అక్కడే ఉంటుంది. కాళ్ళ నడుమ, పిరుదుల దగ్గర, తొడల పక్కన రెండు కుట్లు ఉండాలి. బట్ట అంచును మడిచి లోపలికి పోనిచ్చి రెండు వరుసలు కుట్టినది అన్నిటికంటే గట్టిది. అంగుళానికి ఎనిమిది నుంచి పది కుట్లు పడాలి. అంతకంటే దూరం పడితే దారం తెగుతుంది. జేబు మూలల్లో, చైను కింద టాకా గట్టిగా పడిందో లేదో గోరుతో లాగి చూడండి.

కొన్న ప్యాంటు కంటే కుట్టించుకున్నదే నయమని నా అనుభవం. మన నిజామాబాద్, ఆర్మూర్ దర్జీలకు మియానీ అంటే తెలుసు. పైజామాకు కాళ్ళ నడుమ వేసే నాలుగు మూలల ముక్క అది. పొలం ప్యాంటుకు కూడా మియానీ పెట్టమని అడగండి. కూర్చున్నా, గట్టు ఎక్కినా లాగుడు ఒకే కుట్టు మీద పడకుండా నాలుగు దిక్కులకూ పంచుకుంటుంది. మోకాళ్ళ మీద అదే బట్ట రెండో పొర వేయించండి. ఆ పొర కింది అంచును రెండు పక్కలా కొంచెం కుట్టకుండా వదిలితే లోపల చేరిన మట్టి రాలిపోతుంది. జేబు లోపలి బట్ట కూడా గట్టిది పెట్టించండి. కొడవలి, తాళాలు, సెల్‌ఫోను వేసి ముందు చినిగేది అదే.

దర్జీకి ఇచ్చేముందు బట్టను ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేయండి. నూలు బట్ట మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది. ఆ ముడుత కుట్టకముందే పోవాలి.

దుకాణంలో నాలుగు పరీక్షలు

ఒకటి, బట్టను వెలుతురుకు ఎత్తి పట్టండి. చుక్కలు చుక్కలుగా వెలుతురు కనిపిస్తే నేత పలచన.

రెండు, తడి తెల్ల గుడ్డతో గట్టిగా రుద్దండి. రంగు బాగా అంటితే రెండు ఉతుకులకే వెలిసిపోతుంది.

మూడు, అంచులో రెండు పోగులు అడిగి తీసుకుని దుకాణం బయట కాల్చి చూడండి. కాగితంలా కాలి మెత్తని బూడిదైతే నూలు. కరిగి గట్టి పూసలా అయితే పాలిస్టర్. రెండూ కనిపిస్తే కలిపి నేసిన బట్ట.

నాలుగు, కుట్టి ఉన్నదైతే తొడుక్కుని గొంతుక్కూర్చోండి. ట్రాక్టరు ఎక్కినట్టు ఒక కాలు ఎత్తి చూడండి. తొడల దగ్గర పట్టినా, నడుము వెనుక జారినా ఆ ప్యాంటు మీకు కాదు. నిలబడి అద్దంలో చూసుకుంటే ఇది తెలియదు.

పాముకు ప్యాంటు అడ్డమా?

కొంత అడ్డమే. అమెరికాలోని లోమా లిండా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2009లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. గోరువెచ్చని ఉప్పు నీళ్ళు నింపిన రబ్బరు తొడుగులను మనిషి చెయ్యిలాగా పెట్టి, కొన్నిటికి జీన్స్ బట్ట కప్పి, విషపు పాములతో కాటు వేయించారు. బట్ట కప్పినప్పుడు లోపలికి దిగిన విషం చిన్న పాముల్లో 60 శాతం, పెద్ద పాముల్లో 66 శాతం తగ్గింది. మిగతాది బట్టలో ఇంకిపోయింది. అవి అక్కడి పాములు, మన రక్తపింజర కాదు. అయినా పాము కోరకూ చర్మానికీ నడుమ దట్టమైన బట్ట ఒకటి ఉండటం మేలన్నది అర్థమవుతున్నది. అందుకే కావలి ప్యాంటు వదులుగా ఉండాలి. కాలికి అంటుకుపోయే ప్యాంటుతో ఆ లాభం తక్కువ.

ప్యాంటు ఒక్కటే చాలదు. కాట్లలో ఎక్కువ భాగం పాదం, చీలమండ దగ్గరే పడతాయి. పొడవు గమ్ బూట్లు, టార్చిలైటు తప్పనిసరి. కట్లపాము నేల మీద పడుకున్నవాళ్ళను కాటేస్తుంది కాబట్టి చేనులో నేల మీద పడుకోవద్దు, మంచె మీదనో మంచం మీదనో పడుకోండి. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయి ఉంటారని 2020లో ప్రచురించిన పరిశోధన అంచనా వేసింది. అందులో చాలామంది పల్లెవాళ్ళే. కాటు పడితే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం చేయవద్దు. కాలు కదలనీయకుండా 108కు ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి పోవాలి.

ఇంకొక మాట. పందుల కోసం కరెంటు తీగ పెట్టేవాళ్ళున్నారు. ఆ తీగ పందినీ పక్క చేను రైతునూ వేరుచేసి చూడదు. ఎంత గట్టి ప్యాంటయినా కరెంటును ఆపదు. అది నేరం, ఆ పని చేయకండి.

మందు కొట్టే ప్యాంటు వేరు

పురుగుల మందు కొట్టేటప్పుడు మందపు నూలు బట్ట మందును పీల్చుకుని ఒంటికి అంటిస్తుంది. ప్యాంటు మీద ప్లాస్టిక్ కవరు కట్టుకోండి. ప్యాంటు అంచు బూటు లోపల కాదు, బూటు బయట వేసుకోండి. లోపల దోపితే కారిన మందు బూటులోకి దిగుతుంది. ఆ ప్యాంటును వేరుగా పెట్టుకుని అదే రోజు సబ్బుతో విడిగా ఉతకాలి. పిల్లల బట్టలతో కలపవద్దు.

ఆడవాళ్ళ సంగతి

పసుపు తవ్వకంలో, ఎర్రజొన్న కోతలో సగానికి పైగా పని ఆడవాళ్ళదే. చీర మీద మగవాళ్ళ పాత అంగీ వేసుకుని చేతులు కాపాడుకుంటారు. కాళ్ళను పట్టించుకోరు. చీర కింద మోకాలి కింది దాకా వచ్చే డ్రిల్ బట్ట పైజామా, నడుముకు నాడా పెట్టి కుట్టించి ఇస్తే ముండ్లు, పల్లేరు కాయలు, దూలగొండి బాధ చాలా తగ్గుతుంది. ఇంటి యజమాని తనకు ప్యాంటు బట్ట తెచ్చుకున్న రోజే ఇంకో రెండు మీటర్లు ఎక్కువ తేవాలి.

అగ్గువ, పిరం లెక్క

ధరను కొన్న రోజు చూడవద్దు, ఎన్ని నెలలు నిలిచిందో దానితో చూడాలి. 450 రూపాయల ప్యాంటు ఐదు నెలలకు చినిగిందనుకుందాం. నెలకు 90 రూపాయలు పడ్డట్టు. బట్ట, కుట్టుకూలి కలిపి 1,100 రూపాయలైన ప్యాంటు ఇరవై రెండు నెలలు నిలిస్తే నెలకు 50 రూపాయలే. మీ ఇంట్లో ఈ లెక్క ఒకసారి వేసి చూడండి. కొన్న తేదీని నడుము పట్టీ లోపల పెన్నుతో రాసుకుంటే మరిచిపోరు.

నిలబెట్టుకోవడం మన చేతుల్లో ఉంది. లోపలి వైపు తిప్పి ఉతకండి, బండ మీద బాదవద్దు. జీన్స్‌ను నీడలో ఆరేయండి. పసుపు మరక మాత్రం ఎండలో ఆరేస్తేనే పోతుంది. చిన్న చిరుగు కనపడ్డ రోజే సూది పట్టాలి. పాత ప్యాంటు పారేయకండి, కొత్తదాని మోకాళ్ళకు అదే పనికొస్తుంది.

మా బావ ఇప్పుడు కావలికి పోవడం లేదు, ఆయన కొడుకు పోతున్నడు. మొన్న వానాకాలం పంటకు ముందు పిల్లగాడు ఫోను చేసి, "మామా, ఏ బట్ట తెమ్మంటవు?" అని అడిగిండు. పది ఔన్సుల జీన్స్, మియానీ పెట్టి, వదులుగా కుట్టించమని చెప్పిన. బూట్లు కూడా కొన్నాకనే మంచె ఎక్కమన్న.